కిల్న్‌లో బాగుంది, మర్నాడు చీలింది

ప్రశ్న: ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను. ఒక ఫార్మా కంపెనీ పడేసిన ల్యాబ్ గాజు, హైటెక్ సిటీలో భవనాలకు అద్దాలు బిగించేవాళ్ల దగ్గర మిగిలిన ముక్కలు కలిపి శిల్పం కోసం కిల్న్‌లో (గాజు కరిగించే బట్టీలో) పలకగా కరిగించాను. తీసినప్పుడు బాగానే ఉంది, మర్నాటికి నిలువునా చీలిపోయింది. వేడి చాల్లేదంటారా?
– ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: వేడి సంగతి కాదండీ, ఆ రెండు గాజులకూ అసలు పొత్తు కుదరదు. ల్యాబ్ గాజు చాలామటుకు బోరోసిలికేట్, కిటికీ అద్దం సోడా-లైమ్. వేడికి అద్దం ఎంత సాగుతుందో బోరోసిలికేట్ అందులో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా సాగుతుంది, చల్లారేటప్పుడు ముడుచుకోవడమూ అంతే. ఒకటి గుంజుకుంటుంటే రెండోది రాదు, ఆ లాగుడు పలకలోనే ఉండిపోయి ఎప్పుడో ఒకప్పుడు టప్‌మంటుంది. ఎంత నిదానంగా చల్లార్చినా ఇది పోదు.

పైగా ఫార్మాలో వాడేసిన గాజుకు ఏ కెమికల్ అంటుకుందో మీకేం తెలుసు? దాన్ని కిల్న్‌లో పెట్టకండి. కారు ముందు అద్దమూ వద్దు, మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది, కాలి పొగ.

మీకు పనికొచ్చేది అద్దాలవాళ్ల చెత్తే. పగిలి పటికబెల్లం పలుకుల్లా రాలే టఫెన్డ్ గ్లాస్ కూడా సోడా-లైమే, కరిగిస్తే ఆ గట్టిదనం పోయి మామూలు అద్దమైపోతుంది. 800 డిగ్రీల దగ్గర ముక్కలు కలుస్తాయి. వేడి దించేటప్పుడు 540 ప్రాంతంలో ఆపి, అక్కణ్నుంచి మెల్లగా రావాలి, మందం రెట్టింపైతే ఈ టైమ్ సుమారు నాలుగు రెట్లు. మనవాళ్లు తొందరపడేది సరిగ్గా ఇక్కడే.

రెండు చోట్ల తెచ్చిన అద్దాలు కలుస్తాయో లేదో ముందే చూసుకోవచ్చు. చిన్న ముక్క మీద ముక్క కరిగించి, చల్లారాక ల్యాప్‌టాప్‌లో తెల్ల పేజీ తెరిచి దాని ముందు పట్టుకోండి. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుని, స్క్రీన్ నల్లబడేదాకా వాటిని తిప్పండి. అతుకు చుట్టూ తెల్లటి వెలుగు కనిపిస్తే ఆ జోడీ వదిలేయండి.

ఇక ల్యాబ్ గాజే కావాలంటే, శుభ్రమైనదని కంపెనీవాళ్లు గట్టిగా చెప్తేనే తీసుకుని, కరిగించకుండా వాడండి. బ్రిటిష్ శిల్పి టోనీ క్రాగ్ 1992లో చేసిన 'స్పైరోగైరా' అనే శిల్పంలో సీసాల మీద ఇసుక చిమ్మి మసకబార్చి, మెలిక తిరిగిన స్టీలు చట్రానికి తగిలించాడు, అంతే. మీరు చట్రం వెల్డింగ్ చేయించేటప్పుడు గాజు తగిలే ప్రతిచోటా రబ్బరు వాషర్ వేయించండి, ఇనుము నేరుగా ఆనితే అక్కడే బీట పడుతుంది.