విశాఖలో సిగరెట్ మాని వేప్‌కి మారాలనుకుంటున్నాను. మొదట ఏది కొనాలి?

ఏదీ కొనకండి. వేప్ అంటే ఈ-సిగరెట్టే; 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల దిగుమతి, అమ్మకం, నిల్వ దేశమంతటా నేరం. జగదాంబ సెంటర్‌లో ఎవరైనా చాటుగా అమ్మినా, అందులో ఏ లిక్విడ్ పోశారో చెప్పే నాథుడుండడు. వేప్‌లో కాయిల్ వేడెక్కి లిక్విడ్ ఆవిరవుతుంది. పొగాకు కాలదు కాబట్టి తారు ఉండదు, నిజమే. కానీ నికోటిన్ ఉంటే ఆ యావ ఎక్కడికీ పోదు.

దానికంటే మందుల షాపులో 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ అడగండి. ఇందులోనూ నికోటిన్ ఉన్నా, ఎంతుందో తెలుస్తుంది. మామూలు చూయింగ్ గమ్‌లా చకచకా నమిలితే ఎక్కిళ్లు, కడుపులో మంట రావచ్చు. ఘాటు తగలగానే ఆపి బుగ్గన పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. గమ్‌కి ముందు పావుగంట టీ, కాఫీ వద్దు (సాయంత్రం బీచ్ రోడ్డులో ఇది కాస్త కష్టమే). గుండె జబ్బుంటే డాక్టర్‌ని అడిగాకే వాడండి. మానడానికి సలహా కావాలంటే 1800-112-356కి ఫోన్ చేయండి, ఉచితం.