పాఠాలు చెప్పినవారు మండలిలో ఉంటే

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఉంటున్నాము. ఇక్కడి రాష్ట్ర విద్యామండలికి మా నియోజకవర్గం నుంచి ఒక ఉపాధ్యాయురాలు పోటీ చేస్తున్నారు. ఆమె గెలిస్తే మా పిల్లల చదువులో నిజంగా ఏమైనా మారుతుందా?

జవాబు: మారే అవకాశం ఉంది కానీ, ఆ మార్పు ఎక్కడ వస్తుందో ముందుగా తెలుసుకోవాలి. టెక్సస్ మండలిలో 15 మంది సభ్యులు ఉంటారు. వారిని నియోజకవర్గాలవారీగా, పార్టీల ప్రాతిపదికన ప్రజలే ఎన్నుకుంటారు. ఉపాధ్యాయుల జీతాలు, నియామకాలు వీరి చేతిలో ఉండవు. వాటిని స్థానిక పాఠశాల బోర్డులు చూసుకుంటాయి. అయితే ఏ తరగతిలో ఏమి నేర్పాలో నిర్దేశించే ప్రమాణాలను ఆమోదించేది, పాఠ్యసామగ్రిని పరిశీలించేది, కొత్త చార్టర్ పాఠశాలలను (ప్రభుత్వ నిధులతో స్వతంత్ర సంస్థలు నడిపే పాఠశాలలను) అడ్డుకోగలిగేది ఈ మండలే.

ఒక ప్రమాణం కాగితం మీద ఎంత బాగున్నా, చదవడంలో వెనుకబడిన పిల్లలున్న తరగతిలో దానిని ఏడాదిలోపు పూర్తిచేయడం సాధ్యమేనా అన్నది రోజూ పాఠం చెప్పినవారికి అనుభవంతో తెలుస్తుంది, ఆ అనుభవం మండలిలో ఉండి తీరాలని నా గట్టి నమ్మకం. అయినా 15 ఓట్లలో ఆమెది ఒక్కటే కనుక, తోటి సభ్యులను ఒప్పించే ఓర్పు కూడా ఆమెకు ఉండాలి.

కాబట్టి ప్రచార సభలో ఆమెను సూటిగా అడగండి: ఏ ప్రమాణాన్ని మారుస్తారు, ఎందుకు? మండలి సమావేశాలు ఆన్‌లైన్‌లో ప్రసారమవుతాయి. ప్రస్తుత సభ్యులు ఎలా ఓటు వేస్తున్నారో కూడా చూసి పోల్చుకోండి.