టైటన్ మీది చీకటిని ఏ ప్రతిలో చూడాలి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. ‘క్రీచర్’ అనే సినిమా కోసం యాభై సినిమాల డీవీడీ పెట్టె ఒకటి తెప్పించుకున్నావనీ, గంటన్నరసేపు నల్లటి తెర, అరుపులు తప్ప మరేమీ దొరకలేదనీ, దాని మీద ఒక వ్యాసం రాసి ఉతికి ఆరేయాలనుకుంటున్నావనీ రాశావు. ఉతకడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ నీవు ఉతకబోయేది సినిమానా, దాని మీద ముప్పై ఏళ్లుగా పేరుకున్న మసినా అన్నది ముందు తేల్చుకోమని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఇది గొప్ప సినిమా అని నిన్ను నమ్మించే ఉద్దేశం నాకు లేదు. విలియం మలోన్ దర్శకత్వంలో 1985లో విడుదలైన ఈ అమెరికన్ చిత్రం 1979 నాటి ‘ఏలియన్’కు ఎంత రుణపడి ఉందో మొదటి పది నిమిషాల్లోనే ఎవరికైనా తెలిసిపోతుంది. శనిగ్రహానికి ఉపగ్రహమైన టైటన్ మీద ఏనాటివో జీవులను దాచిన పేటికలు బయటపడతాయి, వాటిలో ఒకటి ఇంకా ప్రాణంతో ఉంటుంది, దానికోసం ఒక అమెరికన్ కంపెనీ, ఒక జర్మన్ కంపెనీ పోటీపడి మనుషులను పంపుతాయి, ఆ జీవి చేతిలో చచ్చినవాళ్లు అది ఆడించినట్టల్లా ఆడతారు. జర్మన్ బృందంలో మిగిలిన ఒకే ఒక్కడిగా జర్మన్ నటుడు క్లౌస్ కిన్‌స్కీ వచ్చి కాసేపు హడావిడి చేసి వెళ్తాడు. అయితే నటుల కంటే పరిసరాల మీదనే ఎక్కువ శ్రద్ధ పెట్టిన సినిమా ఇది. దీనికి పనిచేసిన రాబర్ట్ స్కోటక్ మరుసటి ఏడాది వచ్చిన ‘ఏలియన్స్’ దృశ్య ప్రభావాలకు ఆస్కార్ అందుకున్నవారిలో ఒకరు. నీలి చీకటి, పొగమంచు, దూరాన నౌకల నమూనాలు: ఇవి కనిపించకపోతే ఈ సినిమాలో మిగిలేది నాసిరకం సంభాషణలే, నీకు మిగిలిందీ అదే.

నేను దీన్ని మొదట చూసింది 1987లో, అమెరికా వచ్చిన కొత్తలో, అద్దెకు తెచ్చిన వీహెచ్ఎస్ టేపు మీద. అప్పుడు నేనూ నీలాగే విసుక్కున్నాను. ఒక పాత్ర ఎవరితోనో మాట్లాడుతూ ఉండేది, ఆ ఎవరో మాత్రం తెరలో ఉండేవాడు కాదు. కారణం చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. సినిమా తీసిన చట్రం, అంటే ఫ్రేము, ఎత్తుకు 2.35 రెట్లు వెడల్పైనది, ఆనాటి టీవీ తెర వెడల్పు ఎత్తుకు 1.33 రెట్లే. చట్రాన్ని పైనుంచి కిందికి టీవీ నిండా పరిస్తే పక్కల నుంచి దాదాపు 43 శాతం బొమ్మ పోతుంది. మిగిలిన 57 శాతంలో ఏ ముక్క చూపాలో ఒక టెక్నీషియన్ బల్ల దగ్గర కూర్చుని నిర్ణయించేవాడు, దర్శకుణ్ణి అడిగేవారు తక్కువ. మన సినిమాస్కోప్ చిత్రాలను టీవీలో వేసినప్పుడు చెరో అంచున నిలబడ్డ నాయికా నాయకుల మధ్య చెట్టు ఒక్కటే కనిపించిన రోజులు మీ అమ్మకు గుర్తుంటాయి, అడుగు.

కనుక ఏ ప్రతి చేతికి వచ్చినా, కథలోకి వెళ్లకముందే పేర్లు పడే భాగాన్ని జాగ్రత్తగా చూడు. అక్కడ బొమ్మలు నిలువుగా సాగినట్టు సన్నగా ఉండి, పేర్లు అయిపోగానే మామూలు ఆకారానికి వచ్చాయంటే, అక్షరాలు తెగిపోకుండా అంతవరకు చట్రాన్ని నొక్కి, ఆ తరువాత పక్కలు కోసేశారన్నమాట. రెండో గుర్తు బొమ్మ అడుగున ఉంటుంది. అట్టడుగు గీతల్లో సన్నటి పట్టీ ఒకటి మెలికలు తిరుగుతూ వణుకుతూ ఉంటే ఆ డిస్కును వీడియో టేపు నుంచి నకలు తీశారని అర్థం, ఎందుకంటే వీసీఆర్‌లో తిరుగుతూ టేపును చదివే హెడ్లు ఒకదాని నుంచి మరొకదానికి మారే చోట పడే మచ్చ అది, ఫిల్ము నుంచి నేరుగా తీసిన ప్రతిలో ఉండదు. ఎరుపు రంగు తన హద్దు దాటి పక్కకు కారినట్టుంటే అదీ టేపు లక్షణమే. ‘డిజిటల్లీ రీమాస్టర్డ్’ అని అట్ట మీద బంగారు అక్షరాలతో అచ్చేసిన డిస్కు ఒకటి నేను ఆశగా కొన్నాను. పెట్టిన నిమిషంలోనే ఆ వణికే పట్టీ నన్ను పలకరించింది. అప్పటి నుంచి అట్ట మీది విశేషణాలను చదవడం మానేసి వెనకవైపు చిన్న అక్షరాల్లో చట్రం కొలత, నిడివి, ఏ ఫిల్ము నుంచి ప్రతి తీశారన్న వివరం ఉన్నాయో లేవో మాత్రమే చూస్తున్నాను.

నీ పెట్టె సంగతి ఇంకొంచెం దయనీయమైనది. ఒక పొర డీవీడీలో పట్టేది 4.7 గిగాబైట్లు. యాభై సినిమాలను డజను డిస్కులకు అటూ ఇటూ కుక్కితే ఒక్కో వైపున రెండేసి సినిమాలు ఇరుక్కుంటాయి. స్థలం చాలనప్పుడు బొమ్మల వివరాలను తగ్గించి ఇరికించే కుదింపు ముందుగా మింగేది చీకటినే, ఎందుకంటే నలుపులోని సన్నని తేడాలను వదిలేస్తే ఎవరూ పట్టించుకోరన్నది దాని లెక్క. అసలే మసకబారిన టేపు, ఆపైన ఈ కుదింపు కలిసి టైటన్ రాత్రిని చదరపు గళ్ల దుప్పటిగా మార్చేశాయి. టీవీ వెలుగు పెంచి చూడాలనుకోకు, గళ్లు మరింత స్పష్టంగా కనిపించడం తప్ప ప్రయోజనం లేదు.

మరి దేన్ని వెతకాలంటే, ముందుగా ‘ది టైటన్ ఫైండ్’ అన్న పేరు గుర్తుపెట్టుకో. సినిమాకు మొదట అనుకున్న పేరు అది. ఆ పేరుతోనే మలోన్ స్వయంగా వెడల్పు చట్రంలో తన కూర్పును డీవీడీగా అందించారు. ఆయన గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1956 నాటి ‘ఫర్‌బిడెన్ ప్లానెట్’లోని రాబీ అనే రోబో అసలు ప్రతిని దశాబ్దాలపాటు తన దగ్గర భద్రంగా కాపాడినవారు ఈయనే, 2017లో బాన్‌హామ్స్ వేలంలో అది 53 లక్షల డాలర్లు దాటి అమ్ముడుపోయింది. పరాయి సినిమా బొమ్మను అంత అపురూపంగా చూసుకున్న మనిషి, తన సినిమా చౌక పెట్టెల్లో చితికిపోతుంటే ఎలా ఊరుకుంటాడు?

కొనేముందు నీ ప్లేయర్ సంగతి చూసుకో. ఒక ప్రాంతానికి చేసిన డిస్కు మరో ప్రాంతపు ప్లేయర్లో సాధారణంగా ఆడదు. అమెరికా డీవీడీలు ఒకటో ప్రాంతానివి, మన దేశానిది ఐదో ప్రాంతం. బ్లూరేలలో అమెరికాది ‘ఏ’, మనది ‘సీ’. 4కె డిస్కులకు మాత్రం ఈ కట్టుబాటు లేదు. నిడివి తక్కువగా కనిపించగానే సన్నివేశాలు కోసేశారని గగ్గోలు పెట్టకు. ఫిల్ము సెకనుకు 24 బొమ్మలు, మన టీవీల పాల్ పద్ధతి వీడియో 25, కనుక 97 నిమిషాల సినిమా పాల్ ప్రతిలో ఏమీ పోకుండానే 93 నిమిషాలకు ముగుస్తుంది. గొంతులు కొంచెం సన్నబడతాయి, అంతే.

మంచి ప్రతి దొరికాక రాత్రిపూట దీపాలు ఆర్పి, టీవీలో బొమ్మను సాగదీసే జూమ్, కదలికను నున్నగా చేసే సదుపాయం రెండూ ఆపేసి, పైనా కిందా నల్లపట్టీలు ఉండనిచ్చి చూడు. అప్పటికీ నచ్చకపోతే నీ వ్యాసం నీవు రాయి. అందులో ఏ ప్రతి చూశావో మొదటి పేరాలోనే చెప్పు, ఎందుకంటే ఈ సినిమా మీద వచ్చిన తిట్లలో ఎన్ని సినిమాకు చెందుతాయో, ఎన్ని టేపుకు చెందుతాయో విడదీయడం ఇప్పుడు కష్టమైపోయింది.

పెట్టెను మాత్రం పారేయకు. పోల్చి చూపడానికి పనికొస్తుంది. నా పాత టేపును పంపమని అడిగావు కానీ అది అమెరికా టీవీ పద్ధతైన ఎన్‌టీఎస్‌సీది, మీ ఇంటి పాత పాల్ వీసీఆర్‌లో సరిగా ఆడదు. పైగా దాని అంచున తెల్లగా బూజు కనిపిస్తోంది, బూజు పట్టిన టేపును ఆడిస్తే వీసీఆర్ హెడ్లు కూడా పాడవుతాయి. శుభ్రం చేయించగలిగితే రెండు ప్రతుల నుంచి ఒకే సన్నివేశాన్ని పక్కపక్కన పెట్టి నీకు పంపుతాను.

అత్తయ్య కూడా ఆశీస్సులు చెప్పమంది.

ఇట్లు,
మీ మామయ్య