అల్యూమినియం ఫర్నేస్‌కు కంప్యూటర్ కంట్రోల్ పెడితే డీజిల్ ఆదా అవుతుందా?

నెల్లూరు ఆటోనగర్‌లో అల్యూమినియం తుక్కు కరిగిస్తున్నామని, కంప్యూటర్ కంట్రోల్ లాభమేనా అని అడిగారు. లాభమే. లీటరు డీజిల్ పూర్తిగా మండటానికి సుమారు 12 కిలోల గాలి చాలు. ఎక్కువైతే ఆ గాలి మీ వేడిని మోసుకుని పొగగొట్టంలోంచి పోతుంది. తక్కువైతే నల్లపొగ, కార్బన్ మోనాక్సైడ్.

పొగగొట్టంలోని జిర్కోనియా సెన్సర్ మిగిలిన ఆక్సిజన్‌ను కొలుస్తుంది. అది 2–3 శాతం దగ్గర నిలిచేలా పీఎల్‌సీ, అంటే యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్, గాలిని సర్దుతుంది. అసలు తెలివంతా వరుసలో ఉంది: మంట పెంచేటప్పుడు ముందు గాలి, తర్వాత డీజిల్, తగ్గించేటప్పుడు ముందు డీజిల్, తర్వాత గాలి. అందుకే మధ్యలో ఎక్కడా గాలి చాలకపోవడం ఉండదు. చేత్తో వాల్వు తిప్పేవాళ్లకు ఇది ప్రతిసారీ కుదరదు.

ఒక్క జాగ్రత్త. తలుపు సందుల్లోంచి బయటి గాలి దూరితే సెన్సర్ ఆక్సిజన్ ఎక్కువ చూపిస్తుంది, పీఎల్‌సీ బర్నర్‌కు గాలి తగ్గించేస్తుంది. ముందు ఆ సందులు మూయించండి.