మా అబ్బాయిని సూపర్‌వైజర్ ట్రైనింగ్‌కు పంపాలా?

ప్రశ్న: నేను వరంగల్ ఆటోనగర్‌లో లారీ మెకానిక్‌ని. మా అబ్బాయి ఐటీఐలో రెండేళ్ల మోటార్ మెకానిక్ కోర్సు చేసి, మూడేళ్లుగా హన్మకొండలో ఒక కార్ల షోరూం సర్వీస్ సెంటర్‌లో పనిచేస్తున్నాడు. సూపర్‌వైజర్ ట్రైనింగ్ ఇస్తారట, రెండేళ్ల బాండ్ రాయమంటున్నారు. చేతిపని మరిచిపోయి ఎటూ కాకుండా పోతాడేమోనని నా టెన్షన్.

జవాబు: పంపండి. అయితే మీ భయం ఉత్తది కాదు. పనిమంతుణ్ని సూపర్‌వైజర్‌ని చేస్తే, కింది కుర్రాడు తడబడుతుంటే చూస్తూ ఉండలేక తనే పానా అందుకుంటాడు. ఆ ఒక్క బండీ బాగవుతుంది, మిగతా నాలుగూ సాయంత్రానికి డెలివరీ కావు. చెయ్యడం వేరు, చేయించడం వేరు. శిష్యులకు పని నేర్పిన మీకు ఆ తేడా నేను చెప్పాలా!

అలాగని చేతిపని వృథా పోదు. ఏ బండి ఎవరికివ్వాలి, బండికి చేయాల్సిన పని రాసే జాబ్ కార్డులో కంప్లైంట్ సరిగా రాశారా, పార్టు రాకపోతే కస్టమర్‌కు ముందే ఫోన్ చేశారా... ఇవన్నీ నేర్చుకుంటే వస్తాయి. అదే కంప్లైంట్‌తో బండి మళ్లీ ఎందుకొచ్చిందన్నది మాత్రం ఇంజన్ విప్పినవాడికే అంతుపడుతుంది. కాబట్టి ట్రైనింగ్ అంతా క్లాసు రూంలోనేనా, సీనియర్ సూపర్‌వైజర్ వెంట వర్క్‌షాప్ ఫ్లోర్ మీద కొన్ని వారాలుంటాయా అని అడిగించండి. రెండోది లేకపోతే సగం చదువే.

ఎలక్ట్రిక్ కార్ల శిక్షణ కూడా అడగమనండి. వాటి బ్యాటరీలు వందల వోల్టుల మీద నడుస్తాయి, అనుభవం ఉందని చెయ్యి పెట్టేవి కావు. మన రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. అందులో ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ కోర్సూ ఉంది. రేపు మీవాడి కింద చేరే పిల్లలు అది చదివి వస్తే, పైనున్నవాడు నీళ్లు నమలకూడదు కదా.

బాండ్ సంగతి: మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, రెండేళ్లు ఏ రోజు నుంచి లెక్క, ట్రైనింగ్ అయ్యాక పోస్టు, జీతం ఏమిటి అన్నవి కాగితం మీద ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరడిగినా ఇవ్వొద్దు.

తర్వాత సర్వీస్ మేనేజర్ కావాలంటే చాలాచోట్ల డిప్లొమా అడుగుతారు. రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లు ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. కాకపోతే రోజూ కాలేజీకి వెళ్లాలి, జీతం ఆగుతుంది. ఆ ఆలోచన ఉంటే బాండ్ మీద సంతకం పెట్టకముందే ఇంట్లో మాట్లాడుకోండి.