టెక్ సందేహాలు: క్యాచీ ఖాళీ చేసే ముందు టిక్కులు చూసుకోండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావాటి మూలం ఒకటే, బ్రౌజర్ క్యాచీ. అందుకే అన్నింటినీ ఒకచోట చేర్చాను.

ప్రశ్న: ల్యాప్‌టాప్ స్లో అయిందంటే మా మేనల్లుడు ‘క్యాచీ క్లియర్ చేసెయ్ మామయ్యా’ అన్నాడు. క్రోమ్‌లో కనిపించిన గడులన్నింటికీ టిక్ పెట్టి, ‘ఆల్ టైమ్’ ఎంచుకుని డిలీట్ నొక్కాను. ఇప్పుడు కరెంటు బిల్లు, గ్యాస్, రైలు టికెట్లు... ఏ సైటుకు వెళ్లినా మళ్లీ లాగిన్ అవ్వమంటోంది. స్పీడు మాత్రం పెరగలేదు. ఎందుకిలా?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: ఎలుకల బాధ పడలేక ఇల్లు తగలబెట్టుకున్నట్టు అయింది మాస్టారూ. మీ మేనల్లుడు చెప్పింది ఒక్క గడి గురించి, మీరు అన్నీ తుడిచేశారు.

ఒక సైటును మొదటిసారి తెరిచినప్పుడు దాని లోగో, బొమ్మలు, ఫాంట్లు, పేజీని నడిపించే కోడ్ ఫైళ్లు మీ కంప్యూటర్‌లోకి దిగుతాయి. రెండోసారి వెళ్లినప్పుడు వాటిని మళ్లీ నెట్ నుంచి లాగకుండా బ్రౌజర్ ఒక కాపీ దాచుకుంటుంది. అదే క్యాచీ. దాన్ని తుడిచేస్తే పోయేదేమీ లేదు. మొదటిసారి పేజీలు కాస్త ఆలస్యంగా తెరుచుకుంటాయి, డేటా కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది, అంతే.

కుకీలు అలా కాదు. మీరు ఒకసారి లాగిన్ అయ్యాక ‘ఈయన ఫలానా’ అని సైటు గుర్తుపట్టడానికి మీ బ్రౌజర్‌లో పెట్టే చిన్న గుర్తు కుకీ. అది పోతే ఆ సైటుకు మీరు మళ్లీ కొత్తవారే. మీకు జరిగింది ఇదే. ఇక హిస్టరీ అంటే మీరు ఏయే పేజీలు చూశారో ఆ జాబితా. పాస్‌వర్డ్‌లు వీటన్నింటికీ వేరు. అక్కడ మాత్రం చాలా జాగ్రత్త. గూగుల్ ఖాతాతో సింక్ (మీ సమాచారం అన్ని పరికరాల్లోనూ ఒకేలా ఉంచే ఏర్పాటు) ఆన్‌లో ఉన్నప్పుడు ల్యాప్‌టాప్‌లో పాస్‌వర్డ్‌లు డిలీట్ చేస్తే ఫోన్‌లోంచీ పోతాయి. క్రోమ్ సెట్టింగ్స్‌లో గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ తెరిచి చూడండి. జాబితా కనిపిస్తే అదృష్టమే, ఒక్కో సైటులో ఒకసారి లాగిన్ అయితే సరిపోతుంది. ఖాళీగా ఉంటే ఏ సైటుకా సైటు ‘ఫర్‌గాట్ పాస్‌వర్డ్’ నొక్కుకుంటూ వెళ్లక తప్పదు.

ఇకపై కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడు కీలూ కలిపి నొక్కండి. వచ్చే పెట్టెలో ‘క్యాచ్డ్ ఇమేజెస్ అండ్ ఫైల్స్’ ఒక్కదానికే టిక్ ఉంచి మిగతావి తీసేయండి. ఎడ్జ్‌లో కూడా ఇవే కీలు, ఇదే పేరు. ఫైర్‌ఫాక్స్‌లో కీలు ఇవే, పేరు మాత్రం కొంచెం మారుతుంది.

స్పీడు విషయానికొస్తే, క్యాచీ ఉన్నదే పేజీలు త్వరగా తెరుచుకోవడానికి. రోజూ పొద్దున్నే దాన్ని ఖాళీ చేసేవాళ్లు తమ బ్రౌజర్‌ను తామే నెమ్మది చేసుకుంటున్నట్టు. నిండిపోతుందన్న టెన్షన్ కూడా అక్కర్లేదు. దానికో హద్దు ఉంటుంది, అది దాటితే పాతవాటిని బ్రౌజరే తీసేస్తుంది. మీ ల్యాప్‌టాప్ ఎందుకు స్లో అయిందో తెలియాలంటే క్రోమ్ తెరిచి ఉండగా షిఫ్ట్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కండి. ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఎంత మెమరీ తింటోందో వరుసగా కనిపిస్తుంది. ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసి మరిచిపోయిన కూపన్ల ఎక్స్‌టెన్షనో, పీడీఎఫ్ ఎక్స్‌టెన్షనో అక్కడ దొరికే అవకాశమే ఎక్కువ.

ప్రశ్న: మాది చిన్న చీరల షాపు, సొంత వెబ్‌సైట్ ఉంది. పండక్కి ధరలు మార్చి కొత్త ధరల బొమ్మ పెట్టించాం. డెవలపర్ ఫోన్‌లో కొత్తది కనిపిస్తోంది, నా ఫోన్‌లో పాతదే. ఒక కస్టమర్ అయితే పాత ధర స్క్రీన్‌షాట్ పంపి గొడవ పెట్టుకున్నారు. నా ఫోన్‌లో క్యాచీ క్లియర్ చేస్తే సరిపోతుందా?
- కాకినాడ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ ఫోన్ వరకు సరిపోతుంది. మరి మీ కస్టమర్ల ఫోన్లు? వాళ్లందరికీ ఫోన్ చేసి క్లియర్ చేయమని చెప్పలేం కదా అమ్మా. దీన్ని సరిచేయాల్సింది మీ డెవలపర్, అదీ సైటు వైపు నుంచే. ఈ జవాబు ఆయనకూ చూపించండి.

ఏదైనా ఫైలును పంపేటప్పుడు సర్వర్ (మీ సైటు ఫైళ్లుండే కంప్యూటర్) దానితో పాటు ‘దీన్ని ఇంతకాలం దాచుకోవచ్చు’ అని బ్రౌజర్‌కు చెప్పగలదు. క్యాచీ-కంట్రోల్ అనే హెడర్‌లో (ఫైలుతో పాటు వెళ్లే చిన్న సూచన) మ్యాక్స్-ఏజ్ పేరుతో ఆ గడువు సెకన్లలో ఉంటుంది. 86400 అంటే ఒక రోజు. 31536000 అంటే ఏడాది. బొమ్మలకు ఏడాది గడువు పెట్టడం మామూలే, అది తప్పేమీ కాదు. చిక్కల్లా మీ డెవలపర్ కొత్త ధరల బొమ్మను పాత ఫైలు పేరుతోనే ఎక్కించి ఉంటే వస్తుంది. ఆ పేరుతో బొమ్మ తన దగ్గర ఉంది, గడువూ తీరలేదు కాబట్టి కస్టమర్ ఫోన్‌లోని బ్రౌజర్ మీ సర్వర్‌ను అసలు అడగదు. కొత్త బొమ్మ వచ్చిందని దానికి తెలిసే దారే లేదు.

పరిష్కారం చాలా సులువు. బొమ్మ మారిన ప్రతిసారీ ఫైలు పేరు మార్చాలి, లేదా లింకు చివర వెర్షన్ నంబరు తగిలించాలి. పేరు మారితే బ్రౌజర్‌కు అది కొత్త ఫైలే, వెంటనే తెచ్చుకుంటుంది. బొమ్మలకు ఏడాది గడువు అలాగే ఉండనివ్వండి. వాటి లింకులున్న పేజీకి మాత్రం ‘నో-క్యాచీ’ అని పెట్టించండి. అప్పుడు బ్రౌజర్ కాపీ దాచుకున్నా, చూపించే ముందు ప్రతిసారీ ‘ఇది మారిందా?’ అని సర్వర్‌ను అడుగుతుంది. మారకపోతే సర్వర్ 304 అనే చిన్న జవాబిచ్చి ఊరుకుంటుంది, పేజీ మొత్తం మళ్లీ పంపదు. అందుకని డేటా ఖర్చు గురించి భయం లేదు.

ఇంతటితో అయిపోలేదు. మీ సైటు వర్డ్‌ప్రెస్‌లో (సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఉంటే క్యాచీ ప్లగిన్ (దానికి తగిలించే అదనపు ప్రోగ్రామ్) ఒకటి సర్వర్‌లోనే పేజీల కాపీలు పెట్టుకుని ఉండొచ్చు. సైటును త్వరగా అందించే క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సేవ వాడుతుంటే మీ సర్వర్‌కూ కస్టమర్‌కూ మధ్యలో ఇంకో కాపీ ఉంటుంది. ఈ రెండు చోట్లా ‘పర్జ్’ (పాత కాపీలు తుడిచేసే) అనే బటన్ ఉంటుంది, ధరలు మార్చిన రోజు అవి నొక్కాల్సిందే. ‘నా ఫోన్‌లో బాగానే వస్తోంది’ అని డెవలపర్ అన్నప్పుడు ఇన్‌కాగ్నిటో (మూసేశాక హిస్టరీ, కుకీలు దాచుకోని ప్రైవేట్) విండోలో, వైఫై ఆపేసి మొబైల్ డేటాతో చూడమనండి. కొత్తగా తెరిచిన ఇన్‌కాగ్నిటో పాత క్యాచీని వాడుకోదు కాబట్టి కొత్త కస్టమర్‌కు ఏం కనిపిస్తుందో దాదాపు అదే కనిపిస్తుంది.

ఇంకో మాట. మీరు ఇదివరకు వాట్సాప్ గ్రూపుల్లో పంపిన లింకు కింద పాత బొమ్మే ఉంటే దాన్ని ఎవరూ మార్చలేరు. ఆ ప్రివ్యూ పంపినప్పుడే మెసేజ్‌తో పాటు వెళ్లిపోయింది. లింకు మళ్లీ పంపడమే. ధరలను బొమ్మగా కాకుండా పేజీలోనే అక్షరాలుగా పెట్టించుకుంటే సగం తలనొప్పి తగ్గుతుందని నా అభిప్రాయం.

ప్రశ్న: కాలేజీ ఫీజు కట్టే సైటు తెరిస్తే ‘400 బ్యాడ్ రిక్వెస్ట్, రిక్వెస్ట్ హెడర్ ఆర్ కుకీ టూ లార్జ్’ అని వస్తోంది. క్యాచీ రెండుసార్లు క్లియర్ చేశాను, లాభం లేదు. మా ఫ్రెండ్ ఫోన్‌లో బాగానే వస్తోంది.
- ఇంజినీరింగ్ విద్యార్థి, నంద్యాల

జవాబు: క్యాచీని వంద సార్లు తుడిచినా ఇది పోదు. కారణం ఆ ఎర్రర్‌లోనే ఉంది, కుకీ. ఒక సైటు పెట్టిన కుకీలను బ్రౌజర్ ప్రతిసారీ ఆ సైటుకు తిరిగి పంపుతుంది. అవి పేరుకుపోయి సర్వర్ పెట్టుకున్న హద్దు దాటితే అది మొహం మీదే తలుపు వేసేస్తుంది. చాలా సర్వర్లలో మామూలుగా ఆ హద్దు 8 కిలోబైట్ల దగ్గర ఉంటుంది.

అన్ని సైట్ల కుకీలూ తుడవకు. కంప్యూటర్ క్రోమ్‌లో ఆ సైటు తెరిచి, అడ్రస్ బార్‌లో ఎడమ చివరనున్న గుర్తు నొక్కు. ‘కుకీస్ అండ్ సైట్ డేటా’లోకి వెళ్లి ‘మేనేజ్ ఆన్-డివైస్ సైట్ డేటా’ తెరిస్తే ఆ సైటు పేరు పక్కన చెత్తబుట్ట బొమ్మ ఉంటుంది. అది నొక్కి పేజీ రీలోడ్ చెయ్యి. చివరి తేదీ దగ్గరపడితే ముందు ఇన్‌కాగ్నిటోలో ప్రయత్నించు, తర్వాత తీరిగ్గా కుకీల సంగతి చూసుకోవచ్చు. డబ్బు కట్ అయ్యాక పేజీ ఆగిపోతే మాత్రం రీఫ్రెష్ కొట్టకు. ముందు బ్యాంకు మెసేజ్, తర్వాత సైటులో పేమెంట్ స్టేటస్ చూశాకే ఇంకో అడుగు వెయ్యి.

ప్రశ్న: ఫోన్‌లో స్టోరేజ్ ఫుల్ అని వస్తోంది. క్లీనర్ యాప్ వేసుకోమంటున్నారు. వేసుకోనా?
- గృహిణి, ఖమ్మం

జవాబు: వద్దండీ. అవి చేసే పని మీ ఫోనే చేస్తుంది, యాడ్‌ల గోల లేకుండా. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో క్రోమ్, అందులో స్టోరేజ్ తెరవండి. అక్కడ ‘క్లియర్ క్యాచీ’ నొక్కొచ్చు. దాని పక్కనే ఉండే ‘క్లియర్ స్టోరేజ్’ లేదా ‘క్లియర్ డేటా’ జోలికి వెళ్లకండి. అది యాప్‌ను కొత్తగా వేసుకున్న స్థితికి తెస్తుంది. వాట్సాప్‌లో పొరపాటున అది నొక్కితే చాట్‌లు పోతాయి, బ్యాకప్ ఉంటేనే తిరిగొస్తాయి. ఆండ్రాయిడ్ 8 నుంచి ఫోన్ నిండిపోతున్నప్పుడు యాప్‌ల క్యాచీని సిస్టమే తగ్గిస్తుంది కాబట్టి, మీ చోటును తినేస్తున్నది అది కాకపోవచ్చు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’, అందులో ‘మేనేజ్ స్టోరేజ్’ తెరిచి చూడండి. గుడ్ మార్నింగ్ వీడియోలన్నీ అక్కడే ఉంటాయి.

ప్రశ్న: నెట్ సెంటర్‌లో హాల్ టికెట్ ప్రింట్ తీసుకున్నాను. వచ్చేటప్పుడు హిస్టరీ, క్యాచీ అన్నీ క్లియర్ చేశాను. ఇంకేమైనా మిగిలి ఉంటుందా?
- డిగ్రీ విద్యార్థిని, నల్గొండ

జవాబు: హాల్ టికెట్టే మిగిలి ఉంటుంది. డౌన్‌లోడ్ చేసిన పీడీఎఫ్ క్యాచీలో ఉండదు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉంటుంది. బ్రౌజర్‌లో డౌన్‌లోడ్ హిస్టరీ తుడిచినా, ఇన్‌కాగ్నిటో వాడినా ఆ ఫైలు అలాగే ఉంటుంది. ఫోటో, పుట్టిన తేదీ, సంతకం అన్నీ అందులోనే కాబట్టి ఒకసారి వెళ్లి ఆ ఫైలును షిఫ్ట్ కీ పట్టుకుని డిలీట్ చేసి రామ్మా. అక్కడ వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే నీ ఫోన్‌లోనే ‘లింక్డ్ డివైసెస్’లోకి వెళ్లి లాగౌట్ చేయొచ్చు. జీమెయిల్ తెరిచి ఉంటే గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ కింద ‘యువర్ డివైసెస్’లో ఆ కంప్యూటర్ కనిపిస్తుంది. సైన్ అవుట్ నొక్కు. దీనికి నెట్ సెంటర్ దాకా వెళ్లక్కర్లేదు.