జీవితం చిన్నదని గుర్తుచేసుకుంటే రాయడమంటే ఉన్న భయం పోతుందా?

కథలు రాసి దాచుకుంటున్నాను, ఎవరైనా నవ్వుతారేమోనని బయటపెట్టలేకపోతున్నాను, ఉన్నది ఒక్క జీవితమే అనుకుంటే ధైర్యం వస్తుందా అని అడిగారు. నాకైతే భయం పోలేదు. రాయకుండానే పోతానేమోనన్న ఇంకా పెద్ద భయం ఒకటి వచ్చి దాన్ని పక్కకు నెట్టింది.

జీవితం క్షణభంగురం అని అందరం అంటాం, మరుక్షణం ఫోన్ చూసుకుంటాం. ఆ మాట నాకు నిజంగా తగిలింది మా పెదనాన్న పోయాకే. ఆయన మంచి మాటకారి. చిన్నప్పటి సంగతులన్నీ రిటైరయ్యాక తీరిగ్గా రాస్తాననేవాడు. బీరువాలో ఒక నోటుపుస్తకం దొరికింది. తీరా చూస్తే అన్నీ శీర్షికలే. 'బావి దగ్గర గొడవ', 'చిన్నత్త ఉత్తరం'... ఏం గొడవో, ఉత్తరంలో ఏముందో ఇంట్లో ఒక్కరికీ తెలియదు. అక్షరదోషాలతో, అడ్డదిడ్డంగా రాసి ఉన్నా మేం అపురూపంగా చదువుకునేవాళ్లం. బాగా రాయకపోతే ఎలా అని ఆయన ఆగి ఉంటాడని నా అనుమానం.

ఇంగ్లీషు కవి కీట్స్ ఈ రెండు భయాలూ ఎరిగినవాడే. మనసులో ఉన్నదంతా కాగితం మీద పెట్టకుండానే పోతానేమోనని 1818 మొదట్లో ఒక సానెట్ (పద్నాలుగు పాదాల కవిత) రాశాడు. అదే ఏడాది ఒక పత్రిక అతని కవిత్వాన్ని చీల్చి చెండాడింది. అతను వైద్యం నేర్చినవాడు కాబట్టి, పోయి మందుల కొట్లో కూర్చోమని వెక్కిరించింది కూడా. ఆ మరుసటి ఏడే, 1819లో, ఇవాళ్టికీ చదువుకుంటున్న ఓడ్స్ అనే కవితలు రాశాడు. 1821లో క్షయతో పోయేనాటికి అతనికి 25 ఏళ్లు. ఆ 1819 అంతా విమర్శకులకు జవాబులు రాస్తూ కూర్చుని ఉంటే ఏమయ్యేదో ఊహించండి.

అయితే టైం లేదు, టైం లేదు అనుకుంటూ కూర్చుంటే అదో కొత్త టెన్షన్. అందుకే ఏది రాయాలో తేల్చుకునేటప్పుడు మాత్రమే నేను చావును తలుచుకుంటాను. నేను రాయకపోతే ఇంకెవరూ రాయలేనిది ఏదో అదే ముందు తీస్తాను. రాయడం మొదలయ్యాక ఆ ధ్యాస పెట్టుకోను, పెట్టుకుంటే వాక్యం సాగదు.

బతికున్నవాళ్ల రహస్యాలు బయటపడతాయన్న భయం మాత్రం వేరు. దాన్ని పోగొట్టుకోకండి, జీవితం చిన్నదన్నది దానికి సాకు కాదు. పేర్లు మార్చండి, లేదా ఆ కథను ఇప్పటికి ఆపండి.

మిగతావాటిలోంచి ఒకటి తీసి, బాగా చదివే అలవాటున్న ఒక్కరికి ఇవ్వండి. నలుగురి ముందూ పెట్టడం తర్వాత చూసుకోవచ్చు. బాగుందా అని అడిగితే మొహమాటానికి బాగుందంటారు. చదువుతుంటే ఎక్కడ విసుగొచ్చిందో అడగండి.